పరీక్షలకు దొరకని నొప్పి

ఏండ్ల తరబడి నొప్పితో బాధపడుచు, కారణము తెలియనివారు మనలో ఎందరో కలరు. నర్సీపట్నము నుండి అనకాపల్లికి, అచటి నుండి విశాఖపట్నమునకు తిరిగి, ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు చేయించుకొని, తుదకు ‘ఏమియు లేదు’ అను మాటతో ఇల్లు చేరుదురు. ఆ మాట రోగికి ఊరట నీయదు. ఇంటివారికి మాత్రము అనుమానము కలిగించును. ఇంతకును ఆ నొప్పి నిజమా?

నిజమే యని నేటి శాస్త్రము చెప్పుచున్నది. గాయము నుండి మెదడునకు వచ్చు వార్త మాత్రమే నొప్పి కాదు. వెన్నుపాములో ఒక ద్వారము వంటి ఏర్పాటు కలదనియు, మెదడు సైతము దానిని మూయగలదు, తెరువగలదనియు మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించిరి.

ఎం.ఆర్.ఐ. యంత్రముతో మెదడు పనితీరును, రక్తములోని ప్రాణవాయువు మార్పులను బట్టి గమనించు మార్గమును 1990లో సెయిజీ ఒగావా బృందము చూపినది. మెదడు భాగములు జట్లుగా పనిచేయునని తరువాతి పరిశోధనలలో తేలినది. ఊరక కూర్చుండి తలపోయునపుడు పనిచేయునది ఒక జట్టు. అపాయమును పసిగట్టునది మరొక జట్టు. ఒళ్లంతయు నొప్పులుండు ఫైబ్రోమయాల్జియా రోగులను 2010లో పరిశీలింపగా, మొదటి జట్టునకును, నొప్పిని గ్రహించు ‘ఇన్సులా’ అను భాగమునకును గల సంబంధము ఆరోగ్యవంతులలో కంటె బలముగా కనబడెను. నొప్పి హెచ్చుగా నున్నవారిలో ఆ సంబంధమును హెచ్చుగా నుండెను. పిట్టలు లేచిపోయినను మంచెమీది కావలివాడు వడిసెల త్రిప్పుచునే యున్నట్లు, మెదడు హెచ్చరిక మానకున్నదని భావింపవచ్చును.

అయితే ఇవి పలువురిని పోల్చగా తేలిన సంగతులు. ఒక్కని మెదడు చిత్రమును చూచి అతని నొప్పిని కొలుచుట సాధ్యము కాదు. కావున అందుకై స్కానింగులకు ధనము వెచ్చింపనవసరము లేదు. ఈ మార్పులు నొప్పికి కారణమో, ఫలితమో ఇంకను తేలవలసియున్నది.

మూడు నెలలకు మించిన నొప్పి తానే ఒక వ్యాధి కావచ్చునని 2022లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణము అంగీకరించినది. మెల్లమెల్లగా పెంచు వ్యాయామము, చక్కని నిద్ర, మనస్సునకు తగిన శిక్షణ, వైద్యుడు వ్రాసిన మందులు పలువురికి మేలు చేయును. మందుల దుకాణములో తోచిన నొప్పిబిళ్లలు కొని దీర్ఘకాలము మ్రింగినచో కడుపునకు, మూత్రపిండములకు హాని కలుగవచ్చును. జ్వరము, బరువు తగ్గుట, కాలుసేతులు పట్టుదప్పుట వంటివి క్రొత్తగా కనబడినచో మరల వైద్యుని చూడవలెను.

మన భాషలో ఒళ్లు నొచ్చును, మనసును నొచ్చును. నొప్పియున్నదని చెప్పువారిని నమ్ముట చికిత్సలో మొదటి మెట్టు.