గర్భిణి మనసు - సమాజ బాధ్యత

తెలుగువారి ఇళ్లలో గర్భవతిని గురించి “ఆమె ఒట్టిమనిషి కాదు” అనడం పరిపాటి. బరువులు ఎత్తనీయకపోవడం, పొద్దుగూకిన తరువాత ఒంటరిగా పంపకపోవడం, చెడువార్తలను మెల్లగా చెప్పడం, సీమంతం జరిపి తొలికాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్లడం - ఇవన్నీ ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానాలే. చరక సంహిత గర్భిణిని అంచులదాకా నూనె నిండిన పాత్రతో పోల్చి, తొణకకుండా కాపాడుకోవాలని హెచ్చరించింది. పోతన భాగవతంలో ప్రహ్లాదుని వృత్తాంతం మనకు తెలిసినదే. హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లగా, నిండు చూలాలైన లీలావతిని ఇంద్రుడు చెరపట్టబోయాడు. నారదుడు అడ్డుపడి, ఆమెను తన ఆశ్రమానికి తీసుకువెళ్లి ఆదరించాడు. గర్భంలోని శిశువు నారదుని బోధ విన్నాడన్న అంశాన్నే మనం సాధారణంగా చెప్పుకుంటాం. కాని ఆ బోధకు ముందు జరిగినది మరొకటి ఉంది. భయంతో వణికిపోతున్న తల్లికి ముందుగా అభయం లభించింది.

గర్భిణి మనసుకు కలిగే కష్టం బిడ్డను తాకుతుందా? తాకితే ఏ మార్గాన? అందుకు బాధ్యులెవరు? గత కొన్ని దశాబ్దాలుగా శాస్త్రజ్ఞులు ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలు వెదుకుతున్నారు. ఆ పరిశోధనలు నడిచిన దారిని స్థూలంగా పరిశీలిద్దాం.

‘ఒత్తిడి’ అనే మాటకు వైద్యశాస్త్రంలో స్థానం కల్పించినవాడు హాన్స్ సెల్యే. కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఎలుకలపై ప్రయోగాలు చేసి, దేహానికి హాని ఏ రూపంలో ఎదురైనా అది ఒకే తీరుగా స్పందిస్తుందని ఆయన 1936లో ప్రకటించాడు. ఆపద ఎదురైనపుడు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఆ క్షణానికి అది మేలే చేస్తుంది. పోరాడటానికో పారిపోవడానికో శక్తినిస్తుంది. ఆపద తొలగక, నెలల తరబడి దిగులు కొనసాగినపుడే చిక్కు వస్తుంది.

గర్భిణి దేహంలో ఇందుకొక కావలి ఉంది. తల్లిని బిడ్డను కలిపే మాయలో ఒక ఎంజైము కార్టిసాల్‌లో అధిక భాగాన్ని నిర్వీర్యం చేస్తుంది. తల్లి పడే ప్రతి చిన్న కంగారూ బిడ్డను చేరకుండా ప్రకృతి చేసిన ఏర్పాటిది. తీవ్రమైన దిగులు చిరకాలం ఉన్నపుడు ఈ కావలి బలహీనపడవచ్చునని పరిశోధకుల అభిప్రాయం.

గర్భకాలపు కష్టం ఎంత దూరం వెంటాడుతుందో లోకానికి తెలియజేసినది ఒక యుద్ధకాలపు క్షామం. 1944-45 శీతకాలంలో జర్మన్ సేనలు ఆహార రవాణాను అడ్డుకోగా, పశ్చిమ నెదర్లాండ్స్‌లో మనిషికి దక్కే రోజువారీ ఆహారం వెయ్యి కేలరీల లోపుకు పడిపోయింది. ఆ కరువులోనూ ఆసుపత్రులు ప్రసవాల వివరాలను భద్రపరచాయి. వాటి ఆధారంగా, తల్లులు గర్భం దాల్చిన తొలి నెలల్లో ఆకలికి గురైన బిడ్డలను గుర్తించి పరీక్షించగా, పెద్దయ్యాక వారిలో గుండె జబ్బు ఎక్కువగా కనిపించింది. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ 1980 దశకంలో పాత జనన నమోదు పుస్తకాలను పరిశీలించి, తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండె జబ్బు మరణాలు అధికమని చూపాడు. పెద్దల రోగాలకు బీజాలు గర్భంలోనే పడవచ్చుననే ఆలోచన అలా స్థిరపడింది.

అయితే నెదర్లాండ్స్ తల్లులను బాధించినది ఆకలి ఒక్కటే కాదు. యుద్ధ భయమూ ఉంది. మనసు పాత్రను విడిగా తేల్చడం ఎట్లా? ఇంగ్లండులోని ఏవన్ ప్రాంతంలో 1991-92లో సుమారు పద్నాలుగు వేల మంది గర్భిణుల వివరాలతో ఒక మహా అధ్యయనం మొదలైంది. గర్భం చివరి నెలల్లో తీవ్ర ఆందోళనకు లోనైన తల్లుల బిడ్డలలో, నాలుగేళ్ల వయసుకు ప్రవర్తనకు, భావోద్వేగాలకు సంబంధించిన సమస్యలు దాదాపు రెట్టింపుగా ఉన్నట్లు దాని ఆధారంగా టామస్ ఓకానర్, వివెట్ గ్లోవర్ బృందం 2002లో వెల్లడించింది.

మరొక అధ్యయనానికి ప్రకృతి వైపరీత్యమే అవకాశమిచ్చింది. 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌లో మంచువాన కురిసి విద్యుత్ స్తంభాలు కూలిపోయాయి. సుమారు ముప్పై లక్షల మంది చలికాలంలో చీకటిలో మగ్గారు. కొన్నిచోట్ల అది నెల రోజులకు పైగా సాగింది. సుజాన్ కింగ్ అనే పరిశోధకురాలు అప్పటి గర్భిణుల నుండి రెండు విషయాలను వేరువేరుగా సేకరించింది. మొదటిది వారు నిజంగా పడిన ఇక్కట్లు - ఎన్ని రోజులు కరెంటు లేదు, ఎంత నష్టం జరిగింది అన్నవి. రెండవది వారి మనసు ఎంతగా కలత చెందిందన్నది. బిడ్డల భాషా సామర్థ్యంలోను, తెలివితేటల పరీక్షలలోను కనిపించిన లోటుకు ఎక్కువ సంబంధం మొదటిదానితోనే ఉన్నట్లు తేలింది. ఇది గమనింపదగిన విషయం. “ఆమెది పిరికి మనసు” అని తల్లిని నిందించే అలవాటుకు ఈ ఫలితం అడ్డుకట్ట వేసింది.

ఈ ఫలితాలను చదివేటప్పుడు విచక్షణ అవసరం. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేం. తల్లి ఆందోళన స్వభావం వంశపారంపర్యంగా బిడ్డకు వచ్చి ఉండవచ్చు కదా! కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని తేల్చడానికి, పరాయి స్త్రీల అండాలతో గర్భం దాల్చిన తల్లులను కూడా పరిశీలించారు. అక్కడ తల్లికి బిడ్డకు జన్యుబంధం లేదు. అయినా తల్లి ఒత్తిడికి, బిడ్డ తక్కువ బరువుకు సంబంధం కనిపించింది. బిడ్డలోని నిలకడలేమి విషయంలో మాత్రం వంశపారంపర్యమే ప్రధానమని తేలింది. అంతేకాదు, ఒత్తిడికి లోనైన తల్లుల బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యంగానే పెరుగుతారు. పుట్టిన తరువాత దక్కే ప్రేమ, పోషణ ఎన్నో లోట్లను పూడుస్తాయి.

మన గడ్డపై జరిగిన ఒక అధ్యయనం ఇందుకు బలాన్నిస్తుంది. 1987-90 మధ్య హైదరాబాదు పరిసరాలలోని గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో ఒక పరిశీలన జరిగింది. కొన్ని గ్రామాలలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది. మరికొన్ని గ్రామాలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు కౌమారంలో అడుగుపెట్టాక 2003-05లో మరల పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎదిగారు. మధుమేహానికి దారితీసే లక్షణాలూ వారిలో తక్కువగా ఉన్నాయి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఇది మనసును కొలిచిన అధ్యయనం కాదు. అయినా ఊరు అందించే చిన్న ఆసరా ఒక తరాన్ని ఎలా మార్చగలదో ఇది చూపింది.

మన దేశంలో గర్భిణి మనసును కుంగదీసేవి ఏవి? గోవాలో విక్రమ్ పటేల్ బృందం జరిపి 2002లో ప్రకటించిన అధ్యయనం పేదరికాన్ని, భర్త వేధింపులను, ఆడపిల్ల పుట్టిందన్న ఈసడింపును వేలెత్తి చూపింది. ఇవేవీ తల్లి తెచ్చుకున్నవి కావు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఖమ్మం జిల్లా సరిహద్దున ఉన్న వేంసూరు వంటి మండలంలో ఒక గర్భిణిని ఊహించుకోండి. ఇంటర్మీడియట్ మధ్యలోనే చదువు మాని పెళ్లి చేసుకున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్ల లోపే వివాహమైంది. ఆ అమ్మాయికి కూలిపని మానితే పూట గడవదు. మగపిల్లవాడే పుట్టాలని అత్తవారు ఆశిస్తున్నారు. కాన్పు అంటే భయం. భద్రాచలం వైపు అడవి గూడేలలోనైతే దారిలేని దూరాలు, పొంగే వాగులు తోడవుతాయి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినపుడు, నెలలు నిండిన స్త్రీల గుండెల్లో ఎంత అలజడి రేగి ఉంటుందో!

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2011 వరదల అనంతరం జరిగిన అధ్యయనం ఇక్కడ మనకు దారి చూపుతుంది. వరద కష్టాలు పడిన గర్భిణులలో, తమకు తెలిసిన మంత్రసానుల బృందమే మొదటినుండి చివరిదాకా తోడున్నవారి మనసు ప్రసవానంతరం ఎక్కువ కుదుటగా ఉంది. వరదను ఎవరూ ఆపలేకపోవచ్చు. తోడును మాత్రం ఇవ్వవచ్చు. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాలలో అతీఫ్ రహమాన్ బృందం సాధారణ ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న గర్భిణులతో ఓపికగా మాట్లాడించింది. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, ఆ తోడు పొందని తల్లులలో 53 శాతం మంది కుంగుబాటులోనే ఉండగా, పొందినవారిలో అది 23 శాతానికి తగ్గింది. ఈ ఫలితం 2008లో వెలువడింది.

నేటి పరిశోధనల ధోరణి ఇదే. గర్భిణి మనసులోని లోపమేమిటని వెదకడం తగ్గి, ఆమె చుట్టూ ఉన్న లోపాలను సరిదిద్దే మార్గాలను వెదకడం పెరిగింది. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనం, 2017 నుండి సాగుతున్న ప్రసూతి సహాయకుల శిక్షణ, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తలు ఈ దారిలోని మెట్లే. మనసు కుంగినపుడు మాట్లాడటానికి 2022 నుండి 14416 నంబరు దేశమంతటా అందుబాటులో ఉంది.

విద్యార్థులారా! మీలో కొందరికి అక్కలు, వదినలు గర్భవతులై ఉండవచ్చు. “దిగులుపడితే బిడ్డకు చెరుపు” అని వారిని హెచ్చరించకండి. ఆ హెచ్చరికే మరొక దిగులవుతుంది. ఆసుపత్రికి తోడు వెళ్లండి. బిందె మీరు అందుకోండి. ఆడపిల్ల పుట్టినా ఇంటికి వెలుగేనని పెద్దల ఎదుట ధైర్యంగా చెప్పండి. గర్భంలోని శిశువుకు ఏ బోధ వినిపించాలా అని ఆలోచించే ముందు, తల్లికి అభయమివ్వడం మన కర్తవ్యం.