గాలి పీల్చి దూసుకెళ్లే ‘ఆకాశ్’

శ్రీకాకుళం: 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. అలా పైనుంచి వచ్చే విమానాన్ని నేల మీది నుంచే కూల్చే క్షిపణి ఇప్పుడు మనకు ఉంది. దాని పేరు ‘ఆకాశ్’. పుట్టింది తెలుగు గడ్డ మీదే.

1983లో కేంద్రం క్షిపణుల పథకాన్ని మంజూరు చేసింది. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్.కు అప్పుడు అబ్దుల్ కలాం డైరెక్టరు. ఆకాశ్ తొలి ప్రయోగం 1990లో జరిగింది. తీరా వాయుసేన చేతికి వచ్చింది 2012లో, సైన్యానికి 2015లో! పథకం మొదలైన నాటి బడిపిల్లలు ఈలోగా పిల్లల తండ్రులయ్యారు. ఆలస్యంపై వచ్చిన విమర్శలు కాదనలేనివే.

పని కూడా చిన్నది కాదు. మామూలు రాకెట్టు మండడానికి కావలసినదంతా తనతోనే మోసుకుపోతుంది. ఆకాశ్ అలా కాదు, దారిలో గాలి పీల్చుకుంటుంది. కొలిమికి తిత్తి ఎలాగో దీని ఒంటికున్న నాలుగు గాలి గొట్టాలు అలాగ. మొదట బూస్టరు కొద్ది సెకన్లు మండి ముందుకు తోస్తుంది. ఆ వేగానికి గొట్టాల్లోకి గాలి తన్నుకొచ్చి లోపలి ఇంధనం రాజుకుంటుంది. గాలి సరిగా అందకపోతే మంట ఆరిపోతుంది. చిక్కంతా అక్కడే. కుదిరితే మాత్రం విమానం ఎటు తిరిగినా వెంటాడే బలం చివరిదాకా ఉంటుంది.

బరువు 720 కిలోలు. దెబ్బ కొట్టే దూరం సుమారు 25 కిలోమీటర్లు, అంటే శ్రీకాకుళం నుంచి నరసన్నపేట దాటేంత. ధ్వనికి రెండున్నర రెట్ల వేగం కాబట్టి అర నిమిషం పైచిలుకులో చేరుతుంది.

ఒకేచోట పాతిన రాడారుపైనే శత్రువు ముందు బాంబు వేస్తాడు. అందుకే అన్నీ బండ్ల మీదికెక్కించారు. ఒక్కో లాంచరుపై మూడు క్షిపణులు. బెంగళూరులో రూపొందిన ‘రాజేంద్ర’ రాడారు ఒకేసారి 64 లక్ష్యాలను కనిపెడుతుంది. పని కాగానే మకాం మార్చేయవచ్చు. 2025 మేలో పాకిస్థాన్‌తో జరిగిన ఘర్షణలో ఆకాశ్‌ను వాడారు. ఆర్మేనియా కూడా కొనుక్కుంది.

గగనతల రక్షణలో సైనికులకు శిక్షణ ఇచ్చే కళాశాల మనకు దగ్గరే. ఇచ్ఛాపురం దాటి బరంపురం, అక్కడినుంచి గోపాల్‌పూర్. ఆ తీరంలో వేట సాగించేవారిలో తెలుగు కుటుంబాలు ఎన్నో. సముద్రం వైపు ఫైరింగ్ ఉన్న రోజుల్లో వేటకు వెళ్లవద్దని ముందే హెచ్చరిస్తారు. ఆ పూట వలలు ఒడ్డునే ఉంటాయి.