పగడాల తోటకు ఎన్ని కాపలాలో!

దాదాపు మూడు వేల దిబ్బలు. రెండు వేల మూడొందల కిలోమీటర్ల పొడవు. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ లెక్క ఇది. ప్రపంచంలో ఇంత పెద్ద పగడపు దిబ్బల వరస మరోటి లేదు. అన్నిటినీ ఒకేలా కాపాడాలంటే పడవలు చాలవు, మనుషులు చాలరు, డబ్బూ చాలదు. మరి ముందు దేన్ని కాపాడాలి? శాస్త్రవేత్తలకు దిబ్బల గుట్టు తెలుసు కానీ చేతిలో అధికారం లేదు. అధికారులకు అధికారం ఉంది కానీ ఏ దిబ్బ విలువ ఎంతో తెలియదు. అందుకే ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు.

గీతలు మార్చిన లెక్క

ఈ దిబ్బల రక్షణకు 1975లోనే చట్టం వచ్చింది. మెరైన్ పార్క్ అథారిటీ అనే సంస్థా ఏర్పడింది. అయినా 2004 వరకూ చేపల వేటను పూర్తిగా నిషేధించిన ప్రాంతం మొత్తంలో అయిదు శాతం కూడా లేదు. ఉన్న ఆ కాస్తా ఎక్కువగా పగడాల చుట్టూనే. సముద్రపు గడ్డి మైదానాలనూ బురద నేలలనూ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చేపలేమో వాటన్నిటి మధ్యా తిరుగుతూ బతుకుతాయి!

శాస్త్రవేత్తలు ముందు ఆ సముద్రాన్ని 70 జీవమండలాలుగా విడదీశారు. ఒక్కోదాంట్లో కనీసం 20 శాతాన్ని ముట్టుకోకుండా వదిలేయాలన్నారు. అదే సమయంలో మరో బృందం జాలర్ల బతుకుతెరువు, పర్యటకుల రాకపోకల లెక్క తీసింది. ముసాయిదా పటాలను జనం ముందు పెడితే 21 వేలకు పైగా అభిప్రాయాలొచ్చాయి. ‘మా పొట్ట కొడతారా’ అని వేటగాళ్లు మండిపడ్డారు. దాంతో అధికారులు చాలాచోట్ల గీతలు జరిపారు కానీ 20 శాతం నియమాన్ని మాత్రం వదల్లేదు. 2004 జులై 1 నుంచి నిషేధిత ప్రాంతం 33 శాతానికి పెరిగింది. నష్టపోయినవాళ్లకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది.

ఇంతకీ ఫలితం దక్కిందా? కెపెల్ దీవుల దగ్గర చేపపిల్లల డీఎన్‌ఏను పరీక్షించి 2012లో ఓ అధ్యయనాన్ని ప్రచురించారు. అక్కడి దిబ్బల్లో నిషేధిత ప్రాంతం 28 శాతమే. కానీ చుట్టుపక్కల 30 కిలోమీటర్ల మేర చేరిన పిల్లల్లో దాదాపు సగం అక్కడ పుట్టినవే. అంటే, మూసేసిన చోటే వేటగాడి వలకూ చేపను పంపుతోందన్నమాట.

ముళ్ల కిరీటంతో యుద్ధం

2012లోనే మరో లెక్కా బయటపడింది. 1985 నుంచి 27 ఏళ్లలో దిబ్బల మీద సజీవ పగడాల విస్తీర్ణం 28 శాతం నుంచి 13.8 శాతానికి పడిపోయింది. ఆ నష్టంలో 48 శాతం తుపానులదీ, 42 శాతం ముళ్లకిరీటం నక్షత్రచేపలదీ, పది శాతం వేడికి పగడాలు తెల్లబడటానిదీ. తుపానును ఆపడం ఎవరి తరమూ కాదు. నక్షత్రచేపను మాత్రం ఆపొచ్చు. ఏడాదికి పది చదరపు మీటర్ల పగడాన్ని తినేసే జీవి అది!

మొదట్లో ఈతగాళ్లు నీళ్లలోకి దిగి ఒక్కో నక్షత్రచేపకూ పదీ ఇరవై సూదులు పొడవాల్సి వచ్చేది. జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పశువుల పిత్తం నుంచి తీసిన లవణాలతో ఒక్క సూది చాలని తేల్చారు. దాంతో పని ఎన్నో రెట్లు తేలికైంది. ఇక మిగిలింది ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నే. ప్రవాహాల లెక్కలు కట్టి, ఏ దిబ్బ మీది పగడాల పిల్లలు మిగతా దిబ్బలకు చేరుతున్నాయో శాస్త్రవేత్తలు చెబుతారు. పర్యటకుల అవసరాలనూ చూసుకుని అధికారులు పడవలు పంపుతారు. ఎన్నిటిని చంపిందీ ఈతగాళ్లు రాసుకొస్తారు. ఆ లెక్క మళ్లీ శాస్త్రవేత్తల దగ్గరికే చేరుతుంది. పగడం పెరిగే వేగం నక్షత్రచేపలు తినే వేగాన్ని దాటేదాకా ఆ దిబ్బను వదలరు.

వేడికి సరిహద్దుల్లేవు

అయితే పటం మీద గీసిన ఏ గీతా వేడినీటిని ఆపదు. పగడపు జీవి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే దానికి రంగునూ తిండినీ ఇస్తుంది. నీరు వేడెక్కితే ఆ నాచు బయటికి పోయి పగడం తెల్లబడుతుంది. వేడి వారాల తరబడి తగ్గకపోతే చచ్చిపోతుంది. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025 సంవత్సరాల్లో అదే జరిగింది. 2025లో ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం దక్షిణ ప్రాంతంలో సజీవ పగడం ఏడాదిలోనే 38.9 శాతం నుంచి 26.9 శాతానికి తగ్గింది. అక్కడ సర్వేలు మొదలైన దాదాపు నాలుగు దశాబ్దాల్లో ఏడాదిలో ఇంత తగ్గుదల ఎప్పుడూ లేదు.

వేడిని తట్టుకునే పగడాలను పెంచే ప్రయత్నాలు సాగుతున్నాయి. కర్బన ఉద్గారాలు తగ్గకపోతే ఇవన్నీ కొంత గడువు తెచ్చేవే తప్ప గండం గట్టెక్కించేవి కావన్నది శాస్త్రవేత్తల మాట. అలాగని ఆ గడువు తక్కువదేమీ కాదు. ఏటా అక్టోబరు-డిసెంబరు మధ్య పున్నమి దాటిన కొన్ని రాత్రుల్లో పగడాలన్నీ ఒక్కసారిగా అండాలూ వీర్యమూ నీళ్లలోకి వదులుతాయి. వాటి పిల్లలు ప్రవాహంలో కొట్టుకెళ్లి పాడైన దిబ్బల మీద కొత్త కాపురం పెడతాయి. ఆ రాత్రికి పిల్లల్ని పంపగల దిబ్బలు ఎన్ని మిగులుతాయన్నదే ఇప్పుడు అందరి ముందూ ఉన్న ప్రశ్న.