యోగ్యతాపత్రమును యోగ్యతయు

మన పాఠశాలలో చదివిన విద్యార్థులలో పలువురు నేడు కంప్యూటరు ఉద్యోగములకై హైదరాబాదు చేరుచున్నారు. అచట అమీరుపేటలో సర్వరు, నెట్‌వర్కు నిర్వహణమును నేర్పు శిక్షణాలయముల ప్రకటనలు గోడలనిండ కానవచ్చును. ఏ పరీక్షకు, ఎట్లు చదువవలెనని విద్యార్థులును, ఇంత రుసుము చెల్లించుట వలన ప్రయోజనము కలదా యని తలిదండ్రులును నన్ను తఱచుగా అడుగుచుందురు. కావున ఈ విషయమును గూర్చి కొంత వివరింపదలచితిని.

సర్వరనగా అనేకులకు సేవచేయు కంప్యూటరు. ఆ పేరునకు సేవకుడనియే అర్థము. బ్యాంకులోని ఖాతాలును, ఆసుపత్రిలోని రోగుల వివరములును దానియందుండును. అట్టి యంత్రములను ఒకదానితో నొకటి కలుపు మార్గమే నెట్‌వర్కు. ఈ రెంటిని కాపాడువాడు పొరబడినచో ఆసుపత్రిలో వైద్యుడు రోగి వివరములకై కాచుకొనియుండవలసి వచ్చును. అందుచేతనే పనివాని సామర్థ్యమును పరీక్షించుట అవసరమైనది. ఈ పరీక్షలను ఆయా సామగ్రి తయారుచేయు కంపెనీలును, కొన్ని స్వతంత్ర సంస్థలును జరుపుచున్నవి.

నెట్‌వర్కు విషయమున సిస్కో కంపెనీవారి సి.సి.ఎన్.ఎ. పరీక్ష ప్రసిద్ధమైనది. 2020వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన ఆ కంపెనీవారు పలు శాఖలుగా నున్న ఈ పరీక్షను ఒక్కటిగా కూర్చిరి. దానికి వలయు గణితము మన తరగతులలో నేర్పునదే. ఒక కార్యాలయమునకు 256 చిరునామాలు గలవనుకొనుడు. వానిని నాలుగు విభాగములకు సమముగా పంచినచో ఒక్కొక్కదానికి 64, అనగా 2 యొక్క ఆరవ ఘాతము, వచ్చును. అందు మొదటిది ఆ విభాగమునకే గుర్తు. కడపటిది అందలి యంత్రములన్నిటికి ఒక్కమాఱు కబురంపుటకు వినియోగపడును. మిగిలిన 62 మాత్రమే యంత్రములకు ఈయదగును. ఇట్టి లెక్కలను కాలిక్యులేటరు లేకయే త్వరగా చేయగలుగవలెను.

సర్వరు విషయమున రెడ్ హ్యాట్ కంపెనీవారి ఆర్.హెచ్.సి.ఎస్.ఎ. పరీక్ష మిక్కిలి విశేషమైనది. ఇందు నాలుగు జవాబులలో నొకదానిని గుర్తించుట లేదు. అభ్యర్థి నిజమైన లైనక్సు యంత్రముముందు కూర్చుండి, చెప్పిన పనులను చేసి చూపవలెను. 300 మార్కులకు 210 వచ్చినగాని ఉత్తీర్ణత లేదు. ఇంటర్నెట్టు ఉండదు, యంత్రముతోపాటు వచ్చు ఆంగ్ల వివరణపత్రములను మాత్రము చూచుకొనవచ్చును. యంత్రమును ఆపి మరల నడిపిన పిమ్మటను చేసిన పని నిలిచియుండవలెననుట అచటి ముఖ్య నియమము. స్టార్ట్ అను ఆజ్ఞ చేత సేవ అప్పటికి మొదలగును. ఎనేబుల్ అను ఆజ్ఞ ఈయనిచో మరునాడు అది తనంతట లేవదు. క్రొత్త డిస్కును కలిపి, ఎఫ్‌ఎస్‌టాబ్ అను పట్టికలో వ్రాయనిచో అది మరల కానరాదు. ఫైర్‌వాలులో తెఱచిన ద్వారమును శాశ్వతము చేయనిచో అది మూసికొనిపోవును. ఇసుకమీది ఇల్లు వాన వచ్చువఱకు బండమీది ఇంటివలెనే కనబడును గదా!

ఇక ఒక కీడును గూర్చి చెప్పక తప్పదు. కొందఱు పరీక్షాప్రశ్నలను దొంగిలించి, డంపులను పేర అమ్ముచున్నారు. ప్రశ్నలను బయటపెట్టనని ప్రతి అభ్యర్థియు పరీక్షకు ముందు ఒప్పుకొనును. కావున డంపులు కొనువాడు మాట తప్పినవానితో పాలివాడగుచున్నాడు. నా పూర్వశిష్యుడొకడు ఇట్లే జవాబులను కంఠస్థము చేసి యోగ్యతాపత్రము సంపాదించెను. ఉద్యోగమునకై పిలిచినచోట, పైన చెప్పిన నాలుగు విభాగముల లెక్కనే యడుగగా, అతడు నోరు మెదపలేకపోయెను. తండ్రి అప్పుచేసి తెచ్చిన సొమ్మును తలచుకొని నాయొద్ద కన్నీరు పెట్టుకొనెను. పిదప పాత కంప్యూటరొకటి సంపాదించి, ఆఱు మాసములు మొదటినుండి అభ్యసించి, చిన్న ఉద్యోగమున చేరెను. తన కథను మీకు చెప్పుమని అతడే నన్ను కోరెను.

మఱి ఎట్లు చదువవలెను? మొదట ఆ కంపెనీవారు ప్రకటించిన పాఠ్యాంశముల పట్టికను తీసికొని, తెలియనివానిని గుర్తు పెట్టుకొనుడు. వర్చువల్‌బాక్సు అను ఉచిత సాఫ్టువేరుతో ఒకే కంప్యూటరునందు రెండు మూడు యంత్రములను నిర్మింపవచ్చును. రౌటర్లను కొనకయే సిస్కోవారి ప్యాకెట్ ట్రేసరునందు నెట్‌వర్కులను కట్టి చూడవచ్చును. కట్టినదానిని మీరే చెఱిపి, మరల బాగుచేయుడు. చేసిన తప్పును నోటుపుస్తకమున వ్రాసికొనుడు. దినమునకొక ఆంగ్ల వివరణపత్రమును నిఘంటువు సాయముతో చదువుడు. గడియారము ముందుంచుకొని అభ్యాసము చేయుడు. చేతికి పని వచ్చిన తరువాతనే రుసుము చెల్లింపుడు.

పత్రములు శాశ్వతములు కావు. పైన చెప్పిన రెండు పత్రములకును మూడేండ్లే గడువు. ఒకప్పుడు ఎంతో పేరొందిన మైక్రోసాఫ్టువారి ఎం.సి.ఎస్.ఇ. పత్రమును ఆ కంపెనీవారే 2021వ సంవత్సరము జనవరి 31వ తేదీన నిలిపివేసిరి. కాని దానికై నిజముగా శ్రమించి నేర్చినవారి విద్య ఆ దినమున నిలిచిపోలేదు.

తలిదండ్రులారా, మీ బిడ్డ పత్రము తెచ్చినప్పుడు సంతోషింపుడు; కాని, "నాయనా, ఏమి చేయగలవో చూపుము" అని యడుగుడు. విద్యార్థులారా, ఆ ప్రశ్నకు తల వంచుకొనక జవాబు చెప్పునట్లు చదువుడు.