మరిగించినా విరగని విషం

మొఘల్‌పురా నుంచి చార్మినార్ దాటి పత్తర్‌గట్టీకి నడిస్తే ముత్యాల పక్కనే పగడాలూ కనిపిస్తాయి. ఉంగరంలో పొదిగే ఆ ఎర్రపగడం సముద్రజీవుల అస్థిపంజరం. దానితో ఏ భయమూ లేదు. జాగ్రత్త పడాల్సింది ఉప్పునీటి అక్వేరియంలో ప్రాణంతో ఉండే దాని దూరపు చుట్టాలతో.

● వాటి పేరు జువాంతిడ్లు. చొక్కా గుండీ అంత బిళ్ళ, పచ్చ, నారింజ రంగులు, అంచున సన్నని వేళ్ళు. తాకితే ముడుచుకుంటాయి. పెంచడం తేలిక కాబట్టి కొత్తవాళ్ళు ముందు వీటినే కొంటారు. కొన్నింటిలో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఒకేలా ఉన్న రెండు గుత్తుల్లో ఒకదాని నిండా విషం ఉండి, రెండోదానిలో లేకపోవచ్చు. రంగు చూసి చెప్పలేం.

● హవాయిలోని హానా దగ్గర ఒక నీటిగుంటలోని నాచును పూర్వం ఈటె మొనలకు పూసేవారని అక్కడి గాథ. వెతికి పట్టుకుంటే అది నాచు కాదు, జువాంతిడ్! 1971లో మూర్, షాయర్ అనే శాస్త్రవేత్తలు దాని విషాన్ని వేరుచేశారు. ఒక్కో అణువులో 129 కార్బన్ పరమాణువులు. హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం దాన్ని పూర్తిగా తయారుచేసేసరికి 1994 వచ్చింది.

● మన కణాల పొరల్లో సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని లోపలికి లాగే పంపులు ఉంటాయి. పాలిటాక్సిన్ ఆ పంపును బార్లా తెరిచేస్తుంది. కండరాలు, గుండె దెబ్బతింటాయి. విరుగుడు మందు లేదు.

● నీళ్ళు మరిగిస్తే శుద్ధి అయినట్టేనని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. ఇక్కడ అదే ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికాలోని వర్జీనియాలో ఒకాయన అడ్డదిడ్డంగా పెరిగిన జువాంతిడ్లను వదిలించుకోవాలని రాళ్ళ మీద మరిగే నీళ్ళు పోశాడు. ఆ ఆవిరి పీల్చి, ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. ఆయన ఇంటి నుంచి తెచ్చిన నమూనాల్లో పాలిటాక్సిన్ ఉందని 2010లో పరిశోధకులు ప్రకటించారు. 2018లో ఇంగ్లండ్‌లోని స్టీవెంటన్‌లో ఒక ఇంట్లో ట్యాంకు శుభ్రం చేశాక, ఇంటివాళ్ళూ సాయానికి వచ్చిన సిబ్బందీ కలిసి 10 మంది ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. గోడకు గోడ ఆనుకున్న పాతబస్తీ ఇళ్ళలో, తలుపులు బిగించిన ఏసీ గదిలో ఇలా జరిగితే ఆవిరి బయటికి పోయే దారేదీ?

● అందుకే జువాంతిడ్లున్న రాళ్ళను మరిగించొద్దు, పొడిగా గీకొద్దు, బ్రష్‌తో రుద్దొద్దు. చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. వాడిన బకెట్లు, పనిముట్లను ఆరుబయట బ్లీచ్ నీళ్ళలో నానబెట్టాలి. బ్లీచ్‌కి ఈ విషం విరుగుతుంది. జీవాలున్న ట్యాంకులో మాత్రం బ్లీచ్ పోయకూడదు.

● విశాఖ తీరంలోని రాతిగుంటల్లోనూ జువాంతిడ్లు ఉంటాయి. పిల్లల్ని చూడనివ్వండి, గిల్లనివ్వొద్దు.

● నోట్లో చేదు లేదా ఇనుము రుచి, చలిజ్వరం, దగ్గు, ఆయాసం ఈ విషం సోకిన గుర్తులు. మామూలు ఫ్లూ అనుకునే ప్రమాదం ఎక్కువ. ఇవి కనిపిస్తే అందరూ వెంటనే గది బయటికి వచ్చేయాలి. కంట్లో పడితే ధారగా నీళ్ళు పోసి కడగాలి. ఆసుపత్రిలో ట్యాంకు సంగతి, పాలిటాక్సిన్ పేరు ముందే చెప్పండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఇలాంటి కేసుల్లో డాక్టర్లకు 24 గంటలూ సలహా ఇస్తుంది.