ఓ.ఆర్.ఎస్. నీళ్ల సంగతి ఎవరికి ఎలా చెప్పాలి?

వానాకాలం వచ్చిందంటే పిల్లల వార్డులో నీళ్ల విరేచనాల కేసులు పెరుగుతాయి. అప్పుడే స్త్రీల సమాజంవారు, బడివారు వచ్చి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలుస్తారు. మన సంఘ కుటుంబాలలోనూ ఇరుగుపొరుగుకు ఆరోగ్య విషయాలు చెప్పేవారున్నారు గనుక, మా అనుభవం కొంత వ్రాస్తున్నాము.

నర్సింగ్ విద్యార్థినులకైతే చిన్నప్రేగు దగ్గర మొదలుపెడతాము. గ్లూకోజు, సోడియం జతగా ప్రేగు గోడలోనికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. విరేచనాలవుతున్నా ఈ దారి మూసుకుపోదు. ఇదే పాఠం తల్లుల ముందు చెబితే మర్యాదకు తల ఊపి వెళ్లిపోతారు.

తల్లి బాధ వేరు. ఎన్ని గుక్కలు పట్టినా విరేచనం ఆగలేదని రెండో పూటకే మానేస్తుంది. అందుకే మా మొదటి మాట ఇది: "ఈ నీళ్లు విరేచనం ఆపడానికి కాదమ్మా, పోయిన నీరు తిరిగి ఒంట్లో నింపడానికి." తర్వాత పొట్లం ఆమె చేతికే ఇస్తాము. పెద్ద పొట్లానికి లీటరు, చిన్నదానికి 200 మిల్లీలీటర్ల నీళ్లు. పొట్లం మీద ఏముందో చూసి, మొత్తం ఒక్కసారే కలపాలి. మీ ఇంట్లో లీటరు దేనితో కొలుస్తారని అడిగితే చాలాసార్లు జవాబు రాదు. నీళ్లు తగ్గితే ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం గనుక, ఆ కొలత గిన్నె ఏదో తేలేవరకు మేము ముందుకు పోము.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థవారు 1980 నుండి పదేళ్లపాటు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, ఉప్పు, బెల్లంతో ఈ నీళ్లు కలపడం తల్లులకు నేర్పారు. నేర్పినవారికి జీతం తిరిగిన ఇళ్ల లెక్కన కాదు, తల్లికి ఎంత గుర్తున్నదన్న లెక్కన! మాకు బాగా నచ్చిన పద్ధతి. మగవారికీ చెప్పకపోతే ఇంట్లో సాగదని వారికి తర్వాత తెలిసింది.

మన దగ్గరా అంతే. తండ్రికి సెలైన్ బాటిల్ ఎక్కిస్తేనే వైద్యం. ఆయనకు 1971 నాటి సంగతి చెబుతాము. బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లు తాగించారు. నూటికి దాదాపు ముప్పై ఉన్న మరణాలు నాలుగు లోపుకు వచ్చాయి. బెంగాలీలో దీని పేరుకు అర్థమే 'తాగే సెలైన్'. మేమూ అదే మాట వాడుతున్నాము.

నాయనమ్మగారు కడుపు ఎండబెట్టాలంటారు. ఆమెతో వాదించము. "చిల్లి కుండలో పోయడం మానేస్తే ఏమవుతుందండీ?" అంటాము.

అర్థమైందా అని మాత్రం ఎవరినీ అడగము, అందరూ "ఆఁ" అంటారు. మాకే చెప్పి చూపించమంటాము. కలిపిన నీళ్లు 24 గంటలే వాడాలనీ, తల్లిపాలు మానకూడదనీ, డాక్టరు వ్రాసిన జింకు బిళ్లలు 14 రోజులూ వేయాలనీ, కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, తాగలేకపోయినా, రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తేవాలనీ ఆమె నోట వచ్చాకనే పొట్లాలిచ్చి పంపుతాము.