పిట్టగోడ లేని ఇంట్లో రెండో పిల్లి

ఎటూ తేల్చుకోని మనిషిని తెలుగులో గోడమీది పిల్లి అంటారు. పిల్లి వైపు నుంచి చూస్తే ఈ మాట కొంత అన్యాయం. గోడ ఎక్కిన పిల్లి నిర్ణయం తీసుకోలేక అక్కడ కూర్చోదు. రెండు పెరళ్ళనూ గమనిస్తూ, ఒక వైపు నుంచి ప్రమాదం వస్తే రెండో వైపుకు దూకగలిగిన చోటును ఎంచుకొని కూర్చుంటుంది. తెలుగు ఊళ్ళలో పిల్లులు చాలామటుకు ఇలాగే బతుకుతాయి. ఒక ఇంట్లో పాలు, మరొక ఇంట్లో చేపముక్క, ఇంకొకరి అటక మీద నిద్ర. వీధిలోకి కొత్త పిల్లి వస్తే కొన్ని రాత్రుల అరుపులు, ఆ తర్వాత దేని దారి దానిది. వాటిని ఒకదానికొకటి పరిచయం చేయవలసిన అవసరం ఎవరికీ కలగదు.

అమెరికా నగరంలో, మూసి ఉన్న అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లికి ఆ గోడ లేదు. రెండు గదుల ఇల్లే దాని ప్రపంచం. అందరూ ఉద్యోగాలకు వెళ్తే ఇది ఒంటరిదవుతోంది, తోడుంటే బాగుంటుంది అన్న సదుద్దేశంతో రెండో పిల్లిని తెస్తారు. హాలు మధ్యలో పెట్టి క్యారియర్ తలుపు తీస్తారు. పాత పిల్లి బుసకొడుతుంది, కొత్తది సోఫా కిందకు దూరుతుంది, ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారు. కొద్ది వారాలకే కొత్త పిల్లి తిరిగి షెల్టర్‌కు చేరిన సందర్భాలూ ఉన్నాయి. పాత పిల్లికి అసూయ అనో, పొగరనో అనుకోవడం సులభం. కానీ అసలు కారణం ఈ జంతువు పుట్టుపూర్వోత్తరాల్లో ఉంది.

ఒంటరి వేటగాడి వారసత్వం

కుక్క పూర్వీకుడైన తోడేలు గుంపుగా వేటాడి గుంపుగా తింటుంది. పిల్లి వంశం వేరు. కార్లోస్ డ్రిస్కల్, ఆయన సహచరులు 2007లో సైన్స్ పత్రికలో ప్రచురించిన జన్యు పరిశోధన, నేటి ఇంటిపిల్లుల మూలాలు పశ్చిమాసియా అడవిపిల్లిలో ఉన్నాయని చూపింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి మనిషి సమాధి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం బయటపడిన సంగతి 2004లో వెల్లడైంది. మనిషి ధాన్యం దాచుకోవడం మొదలుపెట్టాక ఎలుకలు, ఎలుకల వెంట పిల్లులు ఊళ్ళకు చేరాయన్నది పరిశోధకుల సాధారణాభిప్రాయం.

అలా వచ్చిన పిల్లి తన వేట పద్ధతిని మార్చుకోలేదు. ఒక ఎలుక ఒక పిల్లి ఆకలికే సరిపోతుంది, పంచుకోవడానికి ఏమీ మిగలదు. కలిసి వేటాడని జంతువు పోట్లాట తర్వాత రాజీపడే పద్ధతులను పెద్దగా పెంపొందించుకోలేదు. కోతుల్లోనూ కుక్కల్లోనూ కనిపించే అటువంటి ప్రవర్తన పిల్లుల్లో స్పష్టంగా కనిపించదు. వాటి శాంతి సూత్రం ఒక్కటే: ఎదురుపడకుండా ఉండడం. అందుకు సాధనాలు రెండు, దూరం, వాసన.

పిల్లులు కలిసి బతకలేవని దీని అర్థం కాదు. తిండి సమృద్ధిగా దొరికే రేవుల్లో, పాలకేంద్రాల్లో గుంపులుగానే ఉంటాయి. కానీ అటువంటి గుంపుకు కేంద్రం తల్లి, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు. అవి ఒకదాని కూనలను మరొకటి సాకుతాయి, ఒకదానికొకటి ఒళ్ళు రాసుకుంటాయి. బయటి పిల్లి వస్తే తరుముతాయి. అది పట్టువదలక అంచుల్లో తిరుగుతూ, నెమ్మదిగా దగ్గరై, ఎప్పటికో గుంపులో కలవవచ్చు. కొత్త పిల్లిని ఇంటికి తెచ్చినప్పుడు మనిషి చేయవలసింది ఈ నెమ్మదైన ప్రక్రియను నాలుగు గోడల మధ్య సాధ్యం చేయడమే.

ముఖం కంటే ముందు వాసన

పిల్లి తనవారిని గుర్తుపట్టడంలో కంటి కంటే ముక్కుకే ప్రాధాన్యం ఎక్కువ. దాని బుగ్గల్లో, గడ్డం కింద, కాలివేళ్ళ నడుమ, తోక మొదట్లో వాసన గ్రంథులున్నాయి. తలుపు అంచుకు, కుర్చీ కాలికి, మనిషి పిక్కకు తల రాయడం ప్రేమ మాత్రమే కాదు, ‘ఇది మనది’ అన్న ముద్ర కూడా. నోరు కొద్దిగా తెరిచి, పై పెదవి ముడిచి నిలబడిన పిల్లి, అంగిలి పైన ఉండే జాకబ్సన్ అవయవంతో అపరిచిత వాసనను పరిశీలిస్తూ ఉంటుంది.

ఏళ్ళ తరబడి కలిసి పడుకున్న రెండు పిల్లులలో ఒకటి ఆసుపత్రికి వెళ్ళి మందుల వాసనతో తిరిగి వస్తే రెండోది దాని మీద బుసకొట్టడం పశువైద్యులకు సుపరిచితం. ఇండియా ప్రయాణం కోసం పిల్లులను వేర్వేరు చోట్ల వదిలివెళ్ళిన కుటుంబాలు తిరిగి వచ్చాక ఇదే చూసి ఆశ్చర్యపోతుంటాయి. రూపం మారలేదు, వాసన మారింది. ఆ ఇంటి ఉమ్మడి వాసన అంటుకునేదాకా ఎంత పాత నేస్తమైనా పరాయిదే.

మెట్లు మెట్లుగా

కనుక మొదటి మెట్టు ప్రత్యేకమైన గది. ఉన్నది ఒక్క గదే అయితే స్నానాల గది అయినా సరే. తిండి, నీళ్ళు, లిటర్ బాక్సు, గోళ్ళు గీరుకునే స్తంభం, దాక్కోవడానికి అట్టపెట్టె అందులోనే ఉండాలి. ఈ ఏకాంతం వల్ల ఆరోగ్యపరమైన లాభం కూడా ఉంది. పిల్లులకు సోకే ల్యుకీమియా వైరస్, ఎఫ్.ఐ.వి. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా పాత పిల్లికి రక్షణ ఉంటుంది.

రెండో మెట్టు వాసనల మార్పిడి. కొత్త పిల్లి బుగ్గలకు రాసిన మెత్తటి గుడ్డను పాత పిల్లి తిరిగే చోట పెట్టాలి, దాని గుడ్డను ఇక్కడకు తేవాలి. ముక్కు మీదకు నెట్టకూడదు, తనంతట తానే వచ్చి చూడాలి. గుడ్డను చూసి బుసకొట్టడం మానాక, రెండూ ఎదురుపడకుండా గదులు మార్చి ఒకదాని చోటును మరొకదానికి చూపించవచ్చు. ఇదే సమయంలో మూసిన తలుపుకు అటూ ఇటూ, మొదట దూరంగా, రోజురోజుకూ కొంచెం దగ్గరగా, ఇష్టమైన తిండి పెడితే పరాయి వాసనకూ రుచికీ ముడి పడుతుంది.

చూపు మూడో మెట్టు. బేబీ గేటుకో జాలి తలుపుకో దుప్పటి కప్పి, దాన్ని కొద్దికొద్దిగా పైకి జరపాలి. రెండూ నిశ్చింతగా తింటూ ఉంటే ముందుకు వెళ్ళవచ్చు. ఒకటి తిండి మాని గుడ్లప్పగించి చూస్తే ఒక మెట్టు వెనక్కు రావాలి. ఆ తర్వాతే ఒకే గదిలో కొద్ది నిమిషాల కలయిక, అదీ ఆటలోనో తిండిలోనో మనసు పడి ఉన్నప్పుడు. కోర్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకున్న ఇళ్ళను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి కలయికలోని గోళ్ళ, పళ్ళ దాడికీ ఆ తర్వాత కొనసాగిన పోట్లాటలకూ సంబంధం కనిపించింది. ‘వాటి సంగతి అవే తేల్చుకుంటాయి’ అనే సలహా నమ్మదగింది కాకపోవడానికి ఇదొక కారణం.

పోట్లాట ముదిరితే మధ్యలో చేయి పెట్టకూడదు. అట్టముక్కో దిండో అడ్డుపెట్టి విడదీయాలి. కేకలు వేసి శిక్షిస్తే, ఆ భయాన్ని కూడా పిల్లి ఎదుటి పిల్లికే అంటగడుతుంది.

నిశ్శబ్దం శాంతి కాదు

అరుపులు లేవు కనుక సర్దుకున్నాయని భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. పిల్లుల వైరం చాలావరకు మౌనంగా సాగుతుంది. ఒకటి నడవాలో అడ్డంగా పడుకొని రెండోదాన్ని లిటర్ బాక్సు దగ్గరకు పోనివ్వదు. చూసేవారికి అది తీరిగ్గా పడుకున్నట్టే ఉంటుంది. రెండోది మంచం కిందే రోజు గడిపి, అందరూ నిద్రపోయాక తింటుంది. అందుకే లిటర్ బాక్సులు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువగా, వేర్వేరు చోట్ల ఉండాలంటారు. పక్కపక్కనే పెట్టిన మూడు బాక్సులు పిల్లి లెక్కలో ఒక్క చోటే. తిండి గిన్నెలకూ ఇదే వర్తిస్తుంది. ఎత్తైన అలమరలు, రెండు దారులున్న దాపులు కూడా అవసరం. చిన్న ఇంట్లో పిట్టగోడకు దగ్గరగా వచ్చేవి అవే.

ఈ మౌన వైరానికి మూల్యం శరీరం చెల్లిస్తుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ దీర్ఘకాలం చేసిన పరిశోధనలు, ఇన్ఫెక్షన్ లేకుండానే పిల్లుల మూత్రాశయంలో వచ్చే వాపుకూ మానసిక ఒత్తిడికీ ఉన్న సంబంధాన్ని వెలుగులోకి తెచ్చాయి. బాక్సు బయట మూత్రం పోసే పిల్లి కక్ష తీర్చుకుంటోందని కోప్పడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముఖ్యంగా మగపిల్లి పదేపదే బాక్సులో కూర్చొని చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీయగల స్థితి అది. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఎంతకాలం, ఎంతవరకు

దీనంతటికీ కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్ని నెలలూ పట్టవచ్చు. సుమారు రెండు నుంచి ఏడు వారాల వయసులో ఇతర పిల్లులతో మెలగిన కూన పెద్దయ్యాక వాటిని తేలిగ్గా అంగీకరిస్తుంది. ఆ వయసులో మరో పిల్లిని చూడనిదానికి తోడు అనే భావనే కొత్త. వృద్ధాప్యంలో, కీళ్ళ నొప్పులతో ఉన్న పిల్లి మీదకు అల్లరి కూనను తేవడం తోడు ఇవ్వడం కాదు, ప్రశాంతతను తీసివేయడం. ఆ ఇంటికి రెండో పిల్లి అసలు కావాలా అన్నది క్యారియర్ కొనకముందే వేసుకోవలసిన ప్రశ్న.

తోకలు నిటారుగా ఎత్తి ఎదురెదురు రావడం, ముక్కులు తాకించుకోవడం, ఒకదానినొకటి నాకడం స్నేహానికి గుర్తులు. అన్ని జంటలూ అంతవరకు రావు. ఒకే కిటికీ గట్టును పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వాడుకుంటూ, దాటిపోయేటప్పుడు చూపు తిప్పుకొనే రెండు పిల్లులు విఫలమైన జంట కాదు. వాటి భాషలో అదొక ఒప్పందం. ఎంత ఓపిక పట్టినా ఒకటి నిరంతరం భయంలోనే బతుకుతుంటే, దానికి మరొక మంచి ఇల్లు చూడడం కూడా బాధ్యతలో భాగమే.